నష్టం వచ్చినప్పుడు ముందు ఎవరి జీతం తగ్గాలి

వరదయ్యపాళెం మండలం చిన్నపాండూరు దగ్గర అపోలో టైర్స్ కర్మాగారానికి 2018 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ ప్రాంతం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా, అప్పటికి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ వేడుక వార్తలు మన పత్రికల్లో ఫొటోలతో సహా వచ్చాయి. అదే ఏడాది ఆ కంపెనీ వాటాదారులు చేసిన మరో పని గురించి మాత్రం మన వైపు ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. నీరజ్ కన్వర్‌ను మేనేజింగ్ డైరెక్టరుగా మళ్లీ నియమించడానికి బోర్డు పెట్టిన ప్రత్యేక తీర్మానాన్ని వారు ఓడించారు. 2016-17లో సుమారు 1,100 కోట్ల రూపాయలున్న కంపెనీ నికర లాభం 2017-18లో 724 కోట్లకు పడిపోయింది. ఆయన పారితోషికం మాత్రం అదే కాలంలో పెరిగి 40 కోట్లు దాటింది. వాటాదారుల అభ్యంతరం ఆయన సామర్థ్యం మీద కన్నా ఈ రెండు అంకెలు ఎదురెదురు దిశల్లో నడవడం మీదనే ఎక్కువ.

ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు అనుకూలంగా పడాలి. కంపెనీని నడిపించే కన్వర్ కుటుంబం, అంటే ప్రమోటర్ల వాటా అప్పటికి దాదాపు 40 శాతం కాబట్టి, మిగిలిన వాటాలున్న మ్యూచువల్ ఫండ్లు, ఇతర మదుపు సంస్థలు గట్టిగా కాదనేసరికి తీర్మానం వీగిపోయింది. ఆ తరువాత యాజమాన్యం దిగివచ్చింది. తండ్రీకొడుకులైన ఇద్దరు ప్రమోటర్లూ తమ పారితోషికాన్ని 30 శాతం తగ్గించుకున్నారు. ఇకమీదట అది పన్నుకు ముందు లాభంలో 7.5 శాతం మించదని మాట ఇచ్చారు. ఆ షరతులతో నీరజ్ కన్వర్ పదవిలో కొనసాగారు, కంపెనీకి ఏ ముప్పూ రాలేదు, చిన్నపాండూరులో 2020లో టైర్ల తయారీ మొదలైంది. జీతం తగ్గిస్తే పైస్థాయి వాళ్లు వెళ్లిపోతారనీ, వాళ్లు వెళ్తే కంపెనీ కుప్పకూలుతుందనీ చెప్పే వాదన నాకు ఎదురైన ప్రతిసారీ ఈ ఉదంతాన్నే ముందు పెడతాను.

తిరుపతిలో చాలా ఏళ్లు వాణిజ్యశాస్త్రం బోధించి విరమించినవాడిని. కొన్ని కంపెనీల్లో నాకు కొద్దిపాటి వాటాలు ఉన్నాయి కాబట్టి ఏటా వేసవి చివర వాటి వార్షిక నివేదికలు అందుతాయి. వాటిలో అధ్యక్షుడి సందేశం కన్నా ముందుగా డైరెక్టర్ల పారితోషికాల పేజీని చూడడం నాకు అలవాటు. అంత పెద్ద జీతాలు ఎవరికీ ఉండకూడదని నేను అనను. వేల మంది పనిని ఒక దారిలో నడపడం, వందల కోట్ల పెట్టుబడి ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం తేలిక పనులు కావు, వాటికి ఎక్కువ ప్రతిఫలం ఉండడం న్యాయమే. నా అభ్యంతరం వరుసక్రమం మీద. లాభం వచ్చినప్పుడు అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువగా పంచుకునేవారు, నష్టం వచ్చినప్పుడు అందరికన్నా చివర, అందరికన్నా తక్కువగా భరిస్తున్నారు. ఆ వరుస తిరగబడితే తప్ప ఆ జీతాలకు అర్హత ఉందని నేను ఒప్పుకోలేను.

టైర్ల ఉదాహరణనే ఇంకొంచెం పరిశీలిద్దాం. టైర్ల తయారీ ఖర్చులో సింహభాగం ముడిసరుకుది. అందులో సహజ రబ్బరు ఒకటైతే, ముడిచమురు నుంచి వచ్చే సింథటిక్ రబ్బరు, కార్బన్ బ్లాక్ మరికొన్ని. కేరళ మార్కెట్లో 2011లో కిలో 200 రూపాయలు దాటిన సహజ రబ్బరు ధర 2016 మొదట్లో 100 రూపాయల లోపుకు పడిపోయింది. దాదాపు అదే సమయంలో ముడిచమురు ధర కూడా పడిపోయింది. ఆ కాలంలో దేశంలోని టైర్ల కంపెనీలు మంచి లాభాలు చూశాయి. కొట్టాయం రైతు చెట్లకు గాటు పెట్టడం మానుకునేంతగా ధర పడిపోయినందువల్ల వచ్చిన ఆ లాభంలో మేనేజింగ్ డైరెక్టరు ప్రతిభ ఎంత? కొంత ఉండవచ్చు, కాదనను. అయితే కమీషన్ లెక్క కట్టే సూత్రానికి ఆ తేడా తెలియదు, లాభంలో ఇంత శాతం అని లెక్కగట్టి ఇచ్చేస్తుంది. రెండేళ్ల తరువాత ముడిసరుకు ధరలు మళ్లీ పెరిగి లాభం తగ్గినప్పుడు, వార్షిక నివేదిక భాష మారిపోతుంది: అంతర్జాతీయ పరిస్థితులు, ముడిసరుకు ఒత్తిడి, మారకపు విలువలో ఒడిదుడుకులు అన్న మాటలు కనబడతాయి. ధర పడిపోయినప్పుడు వచ్చిన లాభాన్ని ప్రతిభ ఖాతాలోనూ, ధర పెరిగినప్పుడు వచ్చిన నష్టాన్ని ప్రకృతి ఖాతాలోనూ రాసుకునే పద్ధతి ఏ ఒక్క పరిశ్రమదో కాదు, ఉక్కు, సిమెంటు, విమానయానం, చక్కెర, ఎక్కడ చూసినా ఇదే.

పెద్ద జీతాలను సమర్థించేవారు ఎక్కువగా వాడే మాట రిస్క్. బాధ్యత పెద్దది, రిస్క్ పెద్దది, అందుకే ప్రతిఫలం పెద్దది అంటారు. రిస్క్ అంటే ఏమిటో మన చిత్తూరు జిల్లా మామిడి రైతును చూసి తెలుసుకోవచ్చు. 2025 సీజనులో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి మొత్తం 12 రూపాయలు అందేలా చూస్తామనీ ప్రకటించవలసి వచ్చింది. ఆ ఎనిమిది రూపాయల కోసం రైతులు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్ల వరుసల్లో పడిగాపులు కాశారు. ఎరువుల ఖర్చు, మందుల ఖర్చు, కోత కూలి, రవాణా, అన్నీ ముందే పెట్టి, ధర పడిపోతే ఆ నష్టం మొత్తాన్ని తన ఇంటి మీదే వేసుకునేవాడు రిస్క్ తీసుకున్నవాడు. లాభంలో శాతం తీసుకుంటూ, నష్టంలో స్థిరమైన జీతం తీసుకుంటూ, పదవి పోతే ఒప్పందం ప్రకారం మరికొన్ని నెలల జీతం చేతిలో పెట్టుకుని వెళ్లేవాడు తీసుకున్నదానికి ఆ పేరు తగదు.

చట్టం ఈ విషయాన్ని పూర్తిగా వదిలేయలేదు. 2013 కంపెనీల చట్టంలోని 197వ సెక్షన్ ప్రకారం ఒక పబ్లిక్ కంపెనీ తన డైరెక్టర్లకూ మేనేజర్లకూ కలిపి ఇచ్చే పారితోషికం నికర లాభంలో 11 శాతం దాటకూడదు, ఒక్క మేనేజింగ్ డైరెక్టరుకు 5 శాతం దాటకూడదు. లాభం లేకపోయినా, చాలకపోయినా ఎంత ఇవ్వవచ్చో అయిదో షెడ్యూలు చెబుతుంది. కంపెనీ పెట్టుబడి 5 కోట్ల లోపు ఉంటే ఏటా 60 లక్షలు, 100 కోట్ల లోపు ఉంటే 84 లక్షలు, 250 కోట్ల లోపు ఉంటే కోటి 20 లక్షలు, ఆపైన ఉన్న పెట్టుబడి మీద మరో 0.01 శాతం. నష్టాల్లో ఉన్న సంస్థకు ఇది సమంజసమైన మెట్టు అనే నా అభిప్రాయం. అయితే ప్రత్యేక తీర్మానం పెట్టి వాటాదారులు సరేనంటే ఈ మెట్టును కూడా దాటవచ్చు. ఇదివరకు 11 శాతం పరిమితి దాటాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరిగా ఉండేది, 2018 సెప్టెంబరు నుంచి అది అక్కరలేదు. బ్యాంకుకు బాకీ పడి చెల్లించలేని కంపెనీ మాత్రం ఆ బ్యాంకు ముందస్తు సమ్మతి తీసుకోవాలి. ఢిల్లీలో ఫైలు నెలల తరబడి తిరగడం కన్నా డబ్బు పెట్టినవాళ్లే నిర్ణయించుకోవడం మేలు అన్న ఆలోచన తప్పు కాదు. చిక్కు మరోచోట ఉంది. ప్రమోటరు తన జీతం మీద జరిగే ఓటింగులో తన వాటాలతో తానే ఓటు వేయవచ్చు. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలో ప్రమోటర్ల వాటా 75 శాతం వరకు ఉండవచ్చు, ప్రత్యేక తీర్మానానికి కావలసినది కూడా 75 శాతమే. అలాంటి చోట మిగిలిన వాటాదారులందరూ ఒక్కటై కాదన్నా తీర్మానం ఆగదు. అపోలోలో వాటాదారుల మాట నెగ్గడానికి వారి పట్టుదల ఎంత కారణమో, ప్రమోటర్ల వాటా 40 శాతం దగ్గర ఉండడం అంతే కారణం.

వాటాదారుల తీర్పు ఎప్పుడూ ఒకే వైపు ఉండాలని నేను కోరుకోవడం లేదు. 2014లో టాటా మోటార్స్ విషయంలో ఇలాంటి తీర్మానాలే ఓడిపోయాయి. ఆ సంస్థ దేశీయ వ్యాపారంలో లాభం చాలనందువల్ల, అప్పటికే మరణించిన మేనేజింగ్ డైరెక్టర్ కార్ల్ స్లిమ్‌తో పాటు మరో ఇద్దరు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లకు ఇచ్చిన పారితోషికానికి వాటాదారుల ఆమోదం అవసరమైంది, కావలసినన్ని ఓట్లు రాలేదు. యాజమాన్యం మదుపు సంస్థల దగ్గరకు వెళ్లి వివరణ ఇచ్చి, 2015 జనవరిలో మళ్లీ ఓటింగు పెట్టి నెగ్గించుకుంది. కుటుంబ వారసత్వంగా వచ్చిన కుర్చీలో కూర్చున్నవారు కాక, జీతం కోసం పనిచేసే నిపుణులు కాబట్టి, కష్టకాలంలో వాళ్లను నిలుపుకోవలసిన అవసరాన్ని సంస్థ వాదించి ఒప్పించగలిగింది. వివరించవలసి రావడమే అక్కడ ముఖ్యం. అడిగేవాళ్లు లేనిచోట ఆ వివరణ ఎప్పటికీ బయటికి రాదు.

పెద్ద జీతం ఇవ్వకపోతే సమర్థులు దొరకరన్న వాదనకు మన దేశంలోనే జవాబు ఉంది. 2022-23లో భారతీయ స్టేట్ బ్యాంకు 50,000 కోట్ల రూపాయలకు పైగా లాభం సంపాదించింది, ఆ ఏడాది దాని చైర్మన్ దినేశ్ ఖారా అందుకున్న జీతం సుమారు 37 లక్షలు. అదే ఏడాది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు అధినేత శశిధర్ జగదీశన్ పారితోషికం 10 కోట్ల పైచిలుకు. రెండూ బాగా నడిచిన బ్యాంకులే. ప్రభుత్వ బ్యాంకు చైర్మన్‌కు బంగళా, కారు, హోదా వంటివి ఉంటాయని అంటారు, నిజమే, అవన్నీ కలిపినా ఆ తేడా పూడదు. స్టేట్ బ్యాంకు చైర్మన్‌కు ఇంత తక్కువ జీతం ఉండడం కూడా సరికాదని నా ఉద్దేశం, ఆ పని బరువుకు అది చాలదు. అయితే ఆ కుర్చీకి సమర్థులు దొరకకుండా ఏ రోజూ పోలేదు. అందుచేత కోట్లు లేనిదే ప్రతిభ కదలదన్న మాటను కళ్లు మూసుకుని నమ్మలేను.

ఈ వాదనలో ఒక్క భాగాన్ని మాత్రం గౌరవిస్తాను. మునుగుతున్న కంపెనీని పైకి తేవడానికి బయటి నుంచి ఒక నిపుణుణ్ణి పిలిచినప్పుడు, పాత యాజమాన్యం చేసిన తప్పులకు అతని జీతం కోయడం అన్యాయం. బాగా నడుస్తున్న చోటు వదిలి, ఓడిపోయే అవకాశం ఎక్కువ ఉన్న చోటికి వచ్చేవాడికి ఎక్కువ ఇవ్వవలసిందే. ఎక్కువ ఇవ్వడం ఎప్పుడు అన్నది ప్రశ్న. వచ్చిన రోజునా, నిలబెట్టిన తరువాతనా? జపాన్ ఎయిర్‌లైన్స్ 2010లో దివాలా తీసినప్పుడు దాన్ని చక్కదిద్దడానికి వచ్చిన కజువో ఇనమోరి జీతమే తీసుకోలేదు. ఆ సంస్థ అప్పుడు వేలాది ఉద్యోగాలు తగ్గించుకుంది, ఆ కోత బాధ చిన్నది కాదు. కానీ కోత వేసిన మనిషి దానివల్ల ఒక్క యెన్ కూడా పొందలేదన్నది ఉద్యోగులందరికీ తెలుసు. నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాతా 2014లో అమ్మకాలు దెబ్బతిన్నప్పుడు కొన్ని నెలలపాటు తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నారు. మరోవైపు, వాటాల రూపంలో జీతం ఇస్తే అదే సరిపోతుందనుకునేవారు బోయింగ్ సంగతి చూడాలి. 346 మంది ప్రాణాలు తీసిన రెండు 737 మ్యాక్స్ ప్రమాదాల తరువాత 2019 డిసెంబరులో పదవి కోల్పోయిన డెనిస్ ములెన్‌బర్గ్, ఆ ఏటి బోనస్ లేకుండా వెళ్లినా, వాటాలూ పింఛనూ కలిపి 6 కోట్ల డాలర్లకు పైగా ఆయనకు దక్కింది.

మన తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లో చదివే పిల్లల ఇళ్లలో ఇప్పటికీ తలుచుకునే సంగతి ఒకటుంది. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి ఆరున్నర లక్షల జీతానికి ఎంపికై నెలల తరబడి పిలుపు కోసం ఎదురుచూస్తున్న కొత్తవారిని, మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగింది. కారణం వ్యాపారం మందగించడం. దాదాపు సగానికి సగం కోత అది. అప్పు చేసి చదివించిన తల్లిదండ్రులకు ఆ మూడు లక్షల తేడా అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కరలేదు. ఆ ఆర్థిక సంవత్సరంలో సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి థియరీ డెలాపోర్ట్ పారితోషికం సుమారు 82 కోట్ల రూపాయలు. ఆయన 2024 ఏప్రిల్‌లో పదవీకాలం ముగియకుండానే రాజీనామా చేశారు. న్యాయంగా చెప్పాలంటే అదే సంస్థలో ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీకి రావలసిన కమీషన్ మొత్తం లాభం మీద కాక, అంతకుముందు ఏడాది కన్నా అదనంగా పెరిగిన లాభం మీద ఆధారపడి ఉంటుంది. 2022-23లో లాభం పెరగలేదు కాబట్టి ఆయనకు కమీషన్ రాలేదు, మొత్తం పారితోషికం దాదాపు సగానికి తగ్గింది. లాభం ఎంత ఉన్నదన్నదాన్ని వదిలి, నీ హయాంలో ఎంత పెరిగిందన్నదాన్ని చూసే ఈ సూత్రం ఎక్కువ కంపెనీల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు. ఒకే కప్పు కింద ఒకరికి ఈ సూత్రమూ, మరొకరికి వేరే సూత్రమూ ఎందుకు ఉండాలో అంతకన్నా అర్థం కాదు.

ప్రైవేటు కంపెనీ తన డబ్బు తన మేనేజరుకు ఇచ్చుకుంటే మనకేమి అని అడిగేవారున్నారు. ఆ డబ్బు ఎవరిదో చూడాలి. రోడ్లు, విద్యుత్తు వంటి మౌలిక సదుపాయాలకు పెట్టుబడి సమకూర్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ 2018లో చేతులెత్తేసినప్పుడు దానికి, దాని అనుబంధ సంస్థలకు కలిపి సుమారు 91,000 కోట్ల రూపాయల అప్పు ఉండేది. దాని బోర్డును తొలగించమని కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా ట్రిబ్యునల్‌ను కోరినప్పుడు చేసిన ఆరోపణల్లో, నగదుకు కటకట వస్తున్నదని తెలిసి కూడా డివిడెండ్లూ, యాజమాన్యానికి భారీ చెల్లింపులూ కొనసాగించారన్నది ఒకటి. ఆ సంస్థ బాండ్లలో ఎన్నో ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ ట్రస్టుల డబ్బు చిక్కుకుపోయింది. అంటే ఎక్కడో ఒక కార్మికుడి జీతంలోంచి నెలనెలా కోసిన మొత్తం మరొకరి బోనసుకు ఆసరా అయింది. తన సొమ్ము అక్కడున్న సంగతి ఆ కార్మికుడికి తెలిసే అవకాశమే లేదు.

యెస్ బ్యాంకు ఉదంతం మన ఊరికి ఇంకా దగ్గరిది. 2020 మార్చిలో రిజర్వు బ్యాంకు దాని మీద మారటోరియం విధించి, ఖాతాదారులు 50,000 రూపాయలకు మించి తీసుకోకూడదని ఆంక్ష పెట్టింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆ బ్యాంకులో ఉంచిన సుమారు 1,300 కోట్ల డిపాజిట్లను అంతకు కొన్ని నెలల ముందే వెనక్కి తీసుకోవడం వల్ల భక్తులు హుండీలో వేసిన సొమ్ముకు నష్టం తప్పింది. అలా ముందుగా తేరుకోలేని సామాన్య ఖాతాదారులు ఏటీఎంల ముందు బారులు తీరారు. బ్యాంకును నిలబెట్టే ప్రక్రియలో 8,400 కోట్ల పైచిలుకు విలువైన ఒక రకం బాండ్లను పూర్తిగా రద్దు చేశారు, వాటిని డిపాజిట్లంత భద్రమని నమ్మి కొన్నవారిలో విరమించిన ఉద్యోగులు ఎందరో ఉన్నారు. ఈ కూలిపోవడానికి ముందే, 2019లో, ఆ బ్యాంకు వ్యవస్థాపకుల్లో ఒకరైన రాణా కపూర్‌కు 2014-15, 2015-16 సంవత్సరాలకు ఇచ్చిన బోనసును వెనక్కి రాబట్టాలని బోర్డు నిర్ణయించింది. అదే ఏడాది ఐసీఐసీఐ బ్యాంకు కూడా తన మాజీ అధినేత చందా కొచ్చర్‌కు 2009 నుంచి 2018 వరకు ఇచ్చిన బోనసులన్నిటినీ తిరిగి రాబట్టాలని తీర్మానించింది. ఇచ్చేసిన బోనసును వెనక్కి అడగవచ్చన్న ఆలోచన మన దేశంలో అప్పటికి కొత్త.

ఆ అనుభవాల నడుమ రిజర్వు బ్యాంకు 2019 నవంబరులో తెచ్చిన నియమాలు నాకు ఎంతో నచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి ప్రైవేటు బ్యాంకుల అధినేతల పారితోషికంలో కనీసం సగం పనితీరును బట్టి మారే భాగం కావాలి. ఆ మారే భాగంలో కనీసం 60 శాతాన్ని వెంటనే ఇవ్వకుండా, మూడేళ్లకు తక్కువ కాకుండా వాయిదాల్లో ఇవ్వాలి. ఈలోగా ఆ అధినేత ఇచ్చిన రుణాలు మొండి బాకీలుగా మారితే ఇవ్వవలసినది ఆపేయవచ్చు, ఇచ్చినది రాబట్టవచ్చు. ఈ ఏడాది లాభం చూపించడానికి నాలుగేళ్ల తరువాత మునిగే అప్పు ఇచ్చే తెలివితేటలకు ఇది సరైన పగ్గం. ఈ పద్ధతిని బ్యాంకుల దగ్గరే ఎందుకు ఆపాలి? రోడ్లు కట్టే కంపెనీ ఒప్పందం దక్కించుకున్న రోజున బోనసు తీసుకుని, ఆ రోడ్డు నష్టాల్లో పడేనాటికి మరో కంపెనీలో చేరిపోయే అధికారులకూ ఇది వర్తించాలి.

రేణిగుంట వైపు ఒక పరిశ్రమలో అకౌంట్స్ విభాగంలో పనిచేసిన నా పూర్వ విద్యార్థి ఒకరు ఒకసారి నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. కంపెనీకి ఆర్డర్లు తగ్గాయని మొదట ఓవర్‌టైమ్ ఆపారు, తరువాత కాంట్రాక్టు కార్మికులను రావద్దన్నారు, ఆ తరువాత పర్మినెంటు ఉద్యోగుల జీతాలు వాయిదా పడ్డాయి. "సార్, డైరెక్టర్ల జీతం మాత్రం ఒకటో తారీఖున నేనే ఆన్‌లైన్‌లో పంపిస్తున్నాను, నా జీతం ఎప్పుడొస్తుందో నాకు తెలియదు" అన్నాడు. అతను కోపంగా చెప్పి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు, మామూలు విషయంలా చెప్పాడు. కంపెనీ మూతపడితే దివాలా స్మృతి 53వ సెక్షన్ ప్రకారం కార్మికుల చివరి 24 నెలల బకాయిలు తనఖా ఉన్న అప్పులతో సమాన వరుసలో ఉంటాయి, ఇతర ఉద్యోగుల చివరి 12 నెలల జీతాలు ఆ తరువాతి వరుసలో ఉంటాయి. చనిపోయిన కంపెనీ ఆస్తుల పంపకంలో చట్టం ఇంత స్పష్టంగా వరుస చెప్పింది. బతికి కష్టపడుతున్న కంపెనీలో ఎవరి జీతం ముందు ఆగాలో మాత్రం ఏ చట్టమూ చెప్పదు, అది జీతాలు పంపించే అధికారం ఉన్నవారి ఇష్టానికి వదిలేశారు.

నేను కోరేది ఆ వరుసను నియామక పత్రంలోనే రాయాలని. ఏ నెలలోనైనా కార్మికుల వేతనం ఆగినా, ఏ త్రైమాసికంలోనైనా నష్టం పేరుతో ఉద్యోగులను తగ్గించినా, ఆ నెల నుంచే డైరెక్టర్ల స్థిర జీతం అయిదో షెడ్యూలు మెట్టుకు దానంతట అదే దిగిపోవాలి. బకాయిలన్నీ తీరిన తరువాతే మళ్లీ పైకి లేవాలి. దీన్ని దాటడానికి వాటాదారుల ఓటు అవసరమైతే, ఆ ఓటింగులో ప్రమోటర్ల వాటాలను లెక్కలోకి తీసుకోకూడదు. మరొకటి, లిస్టయిన కంపెనీలు ఒక్కొక్క డైరెక్టరు పారితోషికం ఉద్యోగుల మధ్యస్థ వేతనానికి, అంటే అందరి జీతాలనూ వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ ఉండే జీతానికి, ఎన్ని రెట్లో ఏటా ప్రకటించాలని 197వ సెక్షన్ చెబుతోంది. ఆ లెక్కలో కంపెనీ జీతాల పట్టికలో ఉన్నవారే ఉంటారు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు ఉండరు. సూళ్లూరుపేట, సత్యవేడు, తడ వైపు పల్లెల నుంచి తెల్లవారుజామున కంపెనీ బస్సులెక్కే పిల్లల్లో ఎందరో కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. వారిని కూడా కలిపి లెక్క వేస్తే వార్షిక నివేదికలో ఇప్పుడు, ఉదాహరణకు, 200 రెట్లని చూపిస్తున్నది ఎంత అవుతుందో పాఠకులే ఊహించవచ్చు.

ఇదంతా చట్టం మారేవరకు ఆగవలసిన పని కాదు. తిరుపతిలో ఈ రోజు నెలకు వెయ్యి రూపాయలో రెండు వేల రూపాయలో సిప్ పేరుతో మ్యూచువల్ ఫండ్లలో కట్టే మధ్యతరగతి ఇళ్లు చాలానే ఉన్నాయి. ప్రావిడెంట్ ఫండ్ సంస్థ కూడా 2015 నుంచి తన నిధిలో కొంత భాగాన్ని షేర్ల ఆధారిత ఫండ్లలో పెడుతోంది. అంటే ఈ కంపెనీల జీతాల తీర్మానాల మీద మనందరి తరఫునా ఎవరో ఒకరు ఓటు వేస్తూనే ఉన్నారు. యాజమాన్యాల పారితోషికానికి సంబంధించిన తీర్మానాల మీద మ్యూచువల్ ఫండ్లు తప్పనిసరిగా ఓటు వేయాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021 ఏప్రిల్ నుంచి నియమం పెట్టింది. ఏ తీర్మానానికి ఎటు వేశారో, ఎందుకు వేశారో తమ వెబ్‌సైట్లలో ప్రకటించాలని కూడా చెప్పింది. ఆ జాబితాలు తెరిచి చూసేవారు నాకు తెలిసినంతలో చాలా తక్కువ. మీ డబ్బు ఉన్న ఫండ్ పేరు దగ్గర, నష్టాల్లో ఉన్న కంపెనీ డైరెక్టరు జీతం పెంచే తీర్మానానికి అనుకూలం అని ఉంటే, ఆ ఫండ్ సంస్థకు ఒక ఉత్తరం రాసి కారణం అడగండి. నేను రాస్తున్నాను, కొన్నిటికి జవాబులు కూడా వచ్చాయి. ఈ ఏడాది సర్వసభ్య సమావేశాల కాలం ముగిశాక ఆ జవాబుల్లో ఏముందో వివరంగా రాస్తాను.